ఎలాస్టిక్‌సెర్చ్‌లో 503 వస్తే వెంటనే రీస్టార్ట్ చేయకండి

సెర్చ్ ఇంజిన్ ఎలాస్టిక్‌సెర్చ్‌లో డేటా షార్డ్లనే ముక్కలుగా, నోడ్లనే సర్వర్లలో ఉంటుంది. 'ఆల్ షార్డ్స్ ఫెయిల్డ్' అని 503 ఎర్రర్ కనిపించగానే టెన్షన్‌లో నోడ్లన్నీ రీస్టార్ట్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి అలా చేయకండి. బాగున్న షార్డ్లు కూడా మళ్లీ కోలుకోవాల్సి వస్తుంది.

ముందు క్లస్టర్ (నోడ్లన్నీ కలిసిన గుంపు) హెల్త్ చూడండి. ఎల్లో అయితే రెప్లికాలే (షార్డ్ల కాపీలే) తక్కువ, సెర్చ్ నడుస్తుంది. రెడ్ అంటే ఏదో ఒక ప్రైమరీ (అసలు) షార్డే అందుబాటులో లేదు. అప్పుడు అలోకేషన్ ఎక్స్‌ప్లెయిన్ ఏపీఐని అడగండి. ఆ షార్డ్ ఏ నోడ్‌కి ఎందుకు వెళ్లడం లేదో కారణంతో సహా చెబుతుంది. ఇంత మంచి సాధనం ఉండగా ఊహించుకుంటూ కూర్చోవడం దేనికి?

డిస్క్ నిండిందేమో తప్పకుండా చూడండి. డిఫాల్ట్‌గా 85 శాతం దాటితే ఆ నోడ్‌కి కొత్త రెప్లికాలు రావు. 90 దాటితే ఉన్న షార్డ్లను వేరే నోడ్లకు తరలిస్తుంది. 95 దాటితే ఆ నోడ్‌లో షార్డ్ ఉన్న ప్రతి ఇండెక్స్‌లోనూ (షార్డ్లుగా విడగొట్టిన డేటా సమూహం) రాయడం ఆగిపోతుంది. జాగా ఖాళీ చేశాక కూడా షార్డ్ కదలకపోతే, వరుసగా 5 సార్లు విఫలమై క్లస్టర్ ప్రయత్నం మానేసి ఉండొచ్చు. షార్డ్లను నోడ్లకు కేటాయించే రీరూట్ కమాండ్‌ని 'రీట్రై ఫెయిల్డ్' ఆప్షన్‌తో పంపండి.

పోయిన షార్డ్ స్థానంలో ఖాళీ ప్రైమరీని పెట్టే 'అలోకేట్ ఎంప్టీ ప్రైమరీ' కమాండ్‌ని మాత్రం ముట్టుకోకండి. క్లస్టర్ గ్రీన్ అవుతుంది గానీ ఆ షార్డ్‌లోని డేటా పోతుంది.