అతినీల కిరణాలను బ్యాక్టీరియా ఎలా తట్టుకుంటుందో చూసే విధానం

విజయనగరంలో డిగ్రీ కళాశాల ప్రయోగశాలలోనైనా చేయదగిన పరీక్ష ఇది. మామూలు ఈ.కోలై బ్యాక్టీరియాను, రెక్‌ఎ అనే డీఎన్ఏ మరమ్మతు జన్యువు లోపించిన ఈ.కోలైని ఒకే అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) పళ్లెంలో పక్కపక్కనే గీతలుగా పూసి, 254 నానోమీటర్ల అతినీల దీపం కింద మూత తీసి ఉంచి, గీతల పొడవునా ఒక్కో భాగానికి ఒక్కో మోతాదు కిరణాలు తగిలేలా పైనున్న అట్టముక్కను కొద్దికొద్దిగా జరపాలి. రక్షణ కళ్లద్దాలు, చేతొడుగులు తప్పనిసరి.

వెంటనే నల్లకాగితం చుట్టి, 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచాలి. మేము ఒకసారి కాగితం చుట్టకుండా పళ్లేన్ని కిటికీ పక్కన మరచిపోతే, వెలుగులోని నీలికాంతితో ఫోటోలయేజ్ ఎంజైము, అతినీల కిరణాల వల్ల డీఎన్ఏలో అతుక్కుపోయిన థైమీన్ జంటలను విడదీసి, చావవలసిన గీతనూ బతికించింది.

మర్నాడు రెక్‌ఎ లేని గీత తక్కువ మోతాదుకే ఆగిపోతుంది; దెబ్బతిన్న డీఎన్ఏను గుర్తించి, యువిఆర్‌ఎ వంటి మరమ్మతు జన్యువుల పనిని పెంచే సంకేతం రెక్‌ఎ నుంచే మొదలవుతుంది.