పనిలో చేరిన పదహారేళ్లవారికి – మూడో పాఠం: పని గంటల పుస్తకం రాసుకోవడం

14 ఏళ్లు నిండి 18 నిండనివారిని చట్టం కౌమారులుగా గుర్తిస్తుందనీ, గనుల్లోనూ బాణసంచా తయారీలోనూ ప్రమాదకర రసాయనాల మధ్యా వారిని పనికి పెట్టుకోవడం నేరమనీ మొదటి రెండు పాఠాల్లో చదివారు. బట్టల దుకాణం, కిరాణా కొట్టు, టిఫిన్ సెంటర్, సెల్‌ఫోన్ షాపు వంటి చోట్ల కుదిరినవారికి రోజులో ఎప్పుడు, ఎంతసేపు పని చెప్పవచ్చో ఈ పాఠంలో తెలుసుకుని, ఆ లెక్కను మీ చేత్తో మీరే రాసుకోవడం నేర్చుకుందాం.

1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి బాల, కౌమార కార్మిక చట్టంగా పేరు మార్చారు. అందులోని 7వ సెక్షన్ ఈ పాఠానికి ఆధారం. దాని ప్రకారం కౌమారుల చేత వరుసగా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. మూడు గంటలు పూర్తయ్యేసరికి కనీసం ఒక గంట విశ్రాంతి ఇవ్వాలి. ఆ విశ్రాంతినీ, పని కోసం ఎదురుచూస్తూ కూర్చున్న సమయాన్నీ కలుపుకుని కూడా రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు అసలు పనే చెప్పకూడదు. ఓవర్‌టైమ్ కుదరదు. ఒకచోట పనిచేసిన రోజునే మరోచోట పనిలో పెట్టుకోకూడదు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇవ్వాలని 8వ సెక్షన్ చెబుతుంది.

వీటిలో చాలామంది పొరబడేది ఆరు గంటల లెక్క దగ్గరే. ఉదయం 10 గంటలకు బట్టల దుకాణంలో అడుగుపెట్టిన అమ్మాయి ఒంటిగంట దాకా పనిచేసి, 2 వరకు భోజనం చేసి విశ్రాంతి తీసుకుంటే, సాయంత్రం 4 గంటలకు ఇంటికి బయలుదేరాలి. అంటే ఆమె నిజంగా పనిచేసేది ఐదు గంటలే. బేరం లేక స్టూలు మీద ఖాళీగా కూర్చున్న సమయం కూడా లెక్కలోకే వస్తుంది కాబట్టి, మధ్యాహ్నమంతా ఊరికే కూర్చుంది కదా, ఇంకో గంట ఉండమంటే తప్పేమిటన్న యజమాని వాదన చట్టం ముందు నిలవదు. దసరా, సంక్రాంతి రద్దీకి కూడా ఈ సెక్షన్లో మినహాయింపు లేదు.

టిఫిన్ సెంటర్ సంగతి ఇంకా చిక్కు. ఇంటర్ చదివే కుర్రాడిని తెల్లవారుజామున 5 గంటలకు రమ్మని, 8 కల్లా వదిలేసి, కాలేజీకి ఇబ్బంది లేకుండా చూసుకుంటున్నామని యజమాని చెప్పుకోవడం మన ఊళ్లలో మామూలే. తల్లిదండ్రులూ అది మంచి ఏర్పాటేననుకుంటారు. మూడు గంటల నియమాన్ని అది దాటలేదన్నది నిజమే కానీ, ఉదయం 8కి ముందు చేయించిన ప్రతి నిమిషమూ చట్టవిరుద్ధమే. సాయంత్రం దోసెల పెనం దగ్గర రద్దీ మొదలయ్యేది కూడా 7 దాటాకే. ఆ వ్యాపారానికి గిరాకీ ఉండే వేళల్లో ఎక్కువ భాగం మీకు నిషిద్ధమైన వేళలేనని గుర్తించి, ఆ మాట పనిలో కుదిరేటప్పుడే పెద్దవాళ్ల చేత మాట్లాడించడం మేలు.

ఇక పుస్తకం విషయానికి వద్దాం. కౌమారుల పేరు, పుట్టిన తేదీ, పని వేళలు, విశ్రాంతి సమయం, పని స్వభావం రాసిన రిజిస్టరును యజమాని నిర్వహించాలని 11వ సెక్షన్ ఆదేశిస్తుంది. అయితే చిన్న దుకాణాల్లో ఆ రిజిస్టరు చాలాసార్లు ఉండదు, ఉన్నా అందులో మీ పేరు కనిపించదు. నియామక పత్రమూ, జీతం రసీదూ లేని పనిలో, రేపు జీతం దగ్గర మాట తేడా వస్తే మీ చేతిలో మిగిలేది మీరు రాసుకున్నదే. అందుకని కుట్టు ఊడని నోటుబుక్కు ఒకటి కొని, పేజీలకు అంకెలు వేసి, పెన్నుతోనే రాయండి. తప్పు పడితే కాగితం చించకుండా ఒక్క గీత కొట్టి పక్కనే సరైనది రాయండి. వారానికోసారి గుర్తుచేసుకుని రాసిన లెక్కకు విలువ తక్కువ. ఏ రోజుది ఆ రోజు ఇంటికి రాగానే రాయాలి.

ఒక పేజీ ఇలా ఉండవచ్చు: “సోమవారం. వచ్చింది 9.55. బట్టల కట్టలు విప్పి అరల్లో సర్దాను. భోజనం 1.05 నుంచి 1.40 వరకు, మధ్యలో పిలిచి పైఅంతస్తు నుంచి చీరలు తెమ్మన్నారు. వెళ్లింది 6.20. నిచ్చెన మూడో మెట్టు ఊగుతోందని మేనేజరుకు చెప్పాను, రేపు చూద్దామన్నారు. అడ్వాన్సు 300 తీసుకున్నాను.” అన్యాయం జరిగిందని ఇందులో ఎక్కడా రాయలేదు, రాయనక్కర్లేదు. విశ్రాంతి గంట 35 నిమిషాలకు కుదించుకుపోయిందనీ, రోజు ఆరు గంటలు దాటి ఎనిమిదిన్నరకు చేరువైందనీ చదివిన అధికారికి అంకెలే చెబుతాయి. కోపంతో రాసిన నాలుగు వాక్యాల కన్నా ఊగే మెట్టు గురించి ఎవరికి, ఏ రోజు చెప్పారో తెలిపే ఒక్క వాక్యానికే బలం ఎక్కువని నా నమ్మకం.

దెబ్బ తగిలిన రోజున సమయం, చేస్తున్న పని, దగ్గరున్నవారు, వెళ్లిన ఆసుపత్రి రాసి, మందుల చీటీని ఆ పేజీలోనే పెట్టండి. నూనె చింది కాలితే ముందుగా కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా పూయకూడదు. రాత సంగతి ఆ తర్వాతే.

జీతానికి వేరే పేజీ కేటాయించండి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. 18 ఏళ్లలోపు వారిని పనికి కట్టిపడేసినా, వారి సంపాదనను ఇవ్వకుండా అట్టిపెట్టుకున్నా ఐదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా విధించవచ్చని 2015 నాటి బాలల న్యాయ చట్టం 79వ సెక్షన్ చెబుతోంది. పదో తరగతి మెమో జిరాక్సు ఇవ్వండి కానీ, అసలు మెమోను ఎవరికీ అప్పగించకండి.

అవసరం పడినప్పుడు ఈ పుస్తకాన్ని కార్మిక శాఖ సహాయ అధికారికి చూపించవచ్చు, బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు. బాల, కౌమార కార్మిక చట్టం కింద కోర్టులో ఫిర్యాదు చేసే హక్కు ఎవరికైనా ఉంది. పనిచేసినందుకు మీకు శిక్ష ఉండదు. పని వేళలు మీరిన యజమానికి నెల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది చిన్న శిక్షేనని నేననుకుంటాను. కాబట్టి ఫిర్యాదులో వేళల సంగతితో పాటు రావలసిన జీతం లెక్క కూడా చేర్చడం మంచిది.

అభ్యాసం: పదిహేడేళ్ల అమ్మాయి 9.30కి దుకాణం చేరి, షట్టరు తెరిచే వరకు అరగంట మెట్ల మీద కూర్చుంది. 12.30 నుంచి 1 వరకు భోజనం, 4.30 దాకా పని, ఆపైన 5 నుంచి 6.30 వరకు పక్క వీధిలోని మరో దుకాణంలో బిల్లులు రాసింది. ఎన్ని నియమాలు మీరారో, ఏ అంకె ఆధారంగా చెబుతున్నారో రాయండి. జవాబులను, గాయపడినవారికి పరిహారం లెక్కగట్టే పద్ధతిని నాలుగో పాఠంలో చూద్దాం. ఈలోగా మీ సొంత పుస్తకంలో కనీసం ఒక వారం నింపి ఉంచండి. వచ్చే పాఠంలోని లెక్కలు ఆ పేజీలతోనే చేయాల్సి ఉంటుంది.