సరిహద్దు ఊరి గొంతుతో తొలి పాట: రాయడం నుండి విడుదల దాకా

ఆంధ్రకు దగ్గరగా ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వంటి చోట్ల జానపద ఛాయతో సొంత పాప్ పాటలు కట్టే యువత ముందుగా తేల్చుకోవలసింది యాస సంగతి. ఇంట్లో కళింగాంధ్ర తెలుగు, బజారులో ఒడియా మాట్లాడేవారు పాటలో మాత్రం సినిమా తెలుగుకు మారితే ఆ గొంతుకు ఊరు లేకుండా పోతుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పినది పర్లాకిమిడిలోనే గనుక, అమ్మమ్మ మాటలను పల్లవిలో పెట్టడానికి ఇక్కడివారు జంకనక్కరలేదు.

పల్లవిని పాత జానపదం నుండి తీసుకుంటే దానిని "సంప్రదాయ గీతం" అని పేర్కొని, నేర్పిన పెద్దల పేరును వారి అనుమతితో చేర్చాలి. మీరు కొత్తగా రాసిన చరణాలకే మీ పేరు వేసుకోవాలి.

రికార్డింగుకు ధాన్యం బస్తాలు, పరుపులు ఉన్న గది చాలు, అవి ప్రతిధ్వనిని మింగేస్తాయి. ముందు జముకు, తప్పెట వంటి జానపద తాళవాద్యాన్ని విడిగా రికార్డు చేసి, దానిని ఇయర్‌ఫోన్లలో వింటూ పాడాలి. గిటారు, కీబోర్డు ఆ లయ చుట్టూ అల్లుకోవాలే తప్ప దానిని కప్పేయకూడదు.

అసలు జాగ్రత్త విడుదలకు ముందు కావాలి. సాహిత్యం, బాణీ, రికార్డింగు అనేవి చట్టం దృష్టిలో మూడు వేర్వేరు హక్కులు కాబట్టి, ఏది ఎవరిదో, రాబడిలో ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసి అందరూ సంతకాలు చేయాలి. స్నేహితుల మధ్య కాగితమేమిటని మొహమాటపడతారు గానీ, నేనైతే వారి మధ్యే అది ముందు ఉండాలంటాను. ఏదైనా సంస్థ ఒకేసారి డబ్బిచ్చి "సర్వహక్కులూ మావే" అంటే తొందరపడకూడదు. కాపీరైటు చట్టం ప్రకారం రాతపూర్వకంగా సంతకం చేయనిదే హక్కు బదిలీ చెల్లదు, ఒప్పందంలో గడువు రాయకపోతే అది 5 ఏళ్లుగానే పరిగణించబడుతుంది. 2012 సవరణ తర్వాత రచయితకు, స్వరకర్తకు రావలసిన రాయల్టీ వాటాను సంస్థ తనకే రాయించుకోవడానికి వీల్లేదు.

యూట్యూబు ప్రకటనల ఆదాయానికి 1,000 మంది చందాదారులతో పాటు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గానీ ఉండాలి. ఒక్క పాటతో అంత దూరం చేరడం అరుదు కనుక, రెండో పాట సిద్ధమయ్యాకే మొదటిది వదలడం మంచిది. పాట పేరును తెలుగుతో పాటు ఒడియా లిపిలో కూడా రాస్తే, వీధి చివరి ఒడియా శ్రోతకు సైతం వెతికితే దొరుకుతుంది.