నీటి విమానం దింపేటప్పుడు: ముందు చక్రాలు, తర్వాత అద్దం లాంటి నీళ్లు

నేల మీదా నీటి మీదా దిగే చిన్న విమానం నేర్చుకోవాలంటే ముందు మామూలు విమానం మీద చెయ్యి తిరగాలి. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి 17 ఏళ్లు నిండాలి, కనీసం 40 గంటలు ఎగరాలి, వైద్య పరీక్ష పాసవ్వాలి. నీటి పాఠం ఆ తర్వాతే, అదీ పక్క సీట్లో శిక్షకుడు ఉండగానే. మన ఉత్తరాంధ్ర వైపు తాటిపూడి, మడ్డువలస లాంటి జలాశయాలు ఇందుకు నయం, కానీ అనుమతులు లేకుండా దిగకూడదు. కళింగపట్నం, భావనపాడు దగ్గర సముద్రం జోలికి పోవద్దు. అడుగు ఎత్తు అల కూడా చిన్న విమానాన్ని ఎగరేసి కొడుతుంది.

బయల్దేరే ముందు విమానం పొట్టలో ప్రతి అరలో చేరిన నీరు తోడి చూడండి. లీటరు నీరంటే కిలో బరువు. ముక్కు లేవగానే ఆ నీరంతా తోక వైపు చేరి బరువు వెనక్కి జరుగుతుంది. రోజూ తోడేదాని కంటే ఎక్కువ వస్తే ఎక్కడో అతుకు విడిందన్నమాట, ఎగరొద్దు. లైఫ్ జాకెట్ తొడుక్కోండి, లోపల ఉండగా మాత్రం గాలి నింపొద్దు. విమానం తిరగబడితే గాలి నింపిన జాకెట్ మిమ్మల్ని పైకి తేల్చి క్యాబిన్‌కే నొక్కేస్తుంది, మునిగి తలుపు దాటలేరు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం చక్రాలతోనే. అవి కిందికి ఉండగా నీటిని తాకితే విమానం ముక్కు మీద బోల్తా పడుతుంది. చక్రాలు దించకుండా రన్‌వే మీద దిగితే చాలావరకు పొట్ట గీరుకోవడంతో పోతుంది. రన్‌వే నుంచి లేచి పక్కనే ఉన్న నీటికి వెళ్లే పొట్టి ప్రయాణాల్లోనే చక్రాలు ఎత్తడం ఎక్కువగా మరిచిపోతారు. దిగేముందు "ఇది నీరు, చక్రాలు పైనున్నాయి" అని పైకి అనండి, చివరి మలుపు తిరిగాక మళ్లీ అనండి. చక్రాలు పైనున్నాయో కిందున్నాయో చూపే దీపాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా, వీలుంటే చక్రాన్ని కళ్లారా చూడండి.

దిగే చోటు మీదుగా ఒకసారి ఎగిరి చూడండి. బెండ్లు వరసగా కనిపిస్తే కింద వల ఉన్నట్టే. వేసవిలో నీరు తగ్గితే మోళ్లు పైకి తేలుతాయి, ఇంకా తేలనివి మరీ ప్రమాదం. చలికాలంలో తేలినీలాపురం చుట్టుపక్కల గూడబాతులు, కొంగలు గుంపులుగా తిరుగుతాయి, ఆ వైపు వెళ్లకండి.

గాలి లేని పొద్దున నీరు అద్దంలా ఉంటే ఎత్తు కంటికి ఆనదు. పది అడుగుల ఎత్తులో ఉండగానే నీటిని తాకామనుకుని పవర్ తీసేస్తారు, లేదా ముక్కుతో నీటిని గుద్దుతారు. అందుకే గట్టుకి సమాంతరంగా, గట్టు పక్కచూపులో ఉండేలా రండి. తక్కువ ఎత్తులోనే ముక్కు కాస్త పైకి పెట్టి అక్కడే ఉంచండి, నిమిషానికి 150 అడుగులకు మించకుండా పవర్‌తో దిగండి. నీరు తగిలేదాకా ఏదీ మార్చొద్దు. ఈ పద్ధతికి చాలా నీరు కావాలి: 50 నాట్ల (గంటకు సుమారు 93 కిలోమీటర్ల) వేగంతో 100 అడుగుల నుంచి దిగడానికే కిలోమీటరు పడుతుంది. సగం నీరు దాటినా తాకకపోతే పూర్తి పవర్ ఇచ్చి లేచిపోండి.

తాకాక ముక్కు పైకీ కిందికీ ఊగడం మొదలైతే స్టిక్ (ముక్కును ఎత్తి దించే కర్ర) జోలికి తొందరపడి పోవద్దు, స్టిక్‌తో దాన్ని వెంటాడొద్దు. పవర్ తీసేసి స్టిక్ వెనక్కి పట్టి ఉంచండి. నీటి మీద బ్రేకు లేదు కాబట్టి గట్టుకి దూరంగానే ఇంజన్ ఆపేయండి. ప్రొపెల్లర్ పూర్తిగా ఆగేదాకా తెప్పల్ని, గట్టు మీది పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.