గ్యోంగ్జుకి కొత్తగా వచ్చారా? ముందు ఒక సైకిల్ చూసుకోండి

దక్షిణ కొరియాలోని గ్యోంగ్జు స్టేషన్‌లో కేటీఎక్స్ అనే హైస్పీడ్ రైలు దిగి బయటికి వస్తే ఊరు కనిపించదు. కొండలు, పొలాలు, ఒక పెద్ద పార్కింగ్, అంతే. కంగారు పడకండి. ఊరి మధ్యలో ఉన్న పాత స్టేషన్‌ని 2021 చివర్లో మూసేశారు. మీరు దిగిన ఈ స్టేషన్ ఊరికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. బస్సెక్కితే ఊళ్లోకి తీసుకెళ్తుంది. బస్సు ఊరు దగ్గరపడుతుంటే ఇళ్ల మధ్య నుంచి పచ్చటి గుట్టలు లేస్తాయి. అవి కొండలు కావు, సిల్లా రాజుల సమాధులు. దాదాపు వెయ్యేళ్లు, అంటే క్రీ.శ. 935 దాకా, సిల్లా రాజ్యానికి ఇదే రాజధాని.

చుట్టుపక్కల కార్ల విడిభాగాల కంపెనీలు చాలా ఉన్నాయి. ఒక పక్క ఉల్సాన్, ఇంకో పక్క పోహాంగ్. ఉద్యోగం కోసమో చదువు కోసమో ఇటు వచ్చే మనవాళ్లకి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి కానీ నేను ముందుగా చెప్పేది ఒకటే: మొదటి నెలలోనే సైకిల్ ఎక్కండి. నేను ఆ పని ఆలస్యంగా చేశాను. మొదటి మూడు నెలలూ నాకు తెలిసిన గ్యోంగ్జు అంటే ఇల్లు, కంపెనీ బస్సు, మార్ట్. భాష రాదు, బయటికి వెళ్తే ఎవరితో ఏం మాట్లాడాలో అని టెన్షన్. సైకిల్ మీద అయితే ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదు, ఎక్కడ నచ్చితే అక్కడ ఆగొచ్చు. ఊరి నడిబొడ్డంతా చదునుగా ఉంటుంది. చూడాల్సినవి చాలావరకు మూడు నాలుగు కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. సైకిల్ కోసమే కట్టినట్టుంటుంది ఊరు.

సైకిల్ ఎక్కడ దొరుకుతుందంటే, మొదటి వారాల్లో అద్దె షాపులే సులువు. ఇంటర్‌సిటీ బస్ టెర్మినల్ చుట్టుపక్కలా, దేరుంగ్వన్ సమాధుల తోట దగ్గరా ఉన్నాయి. గంటల లెక్కన, రోజు లెక్కన ఇస్తారు. సిటీ వాళ్ల పబ్లిక్ సైకిళ్లు కూడా ఉన్నాయి, పేరు ‘తాసిల్లా’. కొరియన్‌లో ‘తా’ అంటే ఎక్కడం, దానికి సిల్లాని కలిపారు. వీటికి యాప్ కావాలి. ఇక్కడ చాలా యాప్‌లు మీ పేరు మీద కొరియన్ ఫోన్ నంబరు ఉంటే తప్ప ముందుకు సాగవు. అందుకని రెసిడెన్స్ కార్డు, ఫోన్ పని ముందు ముగించుకోండి. సొంతంగా కొనాలనుకుంటే కొత్తది వద్దు. ‘తంగ్గున్’ అనే యాప్‌లో చుట్టుపక్కల వాళ్లు వాడిన వస్తువులు అమ్ముతారు. ఊరు మారిపోతున్న వాళ్ల మంచి సైకిళ్లు తక్కువకే వస్తాయి. కొన్నాక అపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్లి చెప్పండి. చాలాచోట్ల సైకిల్‌కి స్టిక్కర్ ఇస్తారు. స్టిక్కర్ లేకుండా చాలాకాలం కదలని సైకిళ్లను అప్పుడప్పుడు ఏరి తీసేస్తుంటారు, మీది అందులో పోకూడదు.

ఇప్పుడు రూల్స్. ఇది మాత్రం నిదానంగా చదవండి.

ఇక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. తెలిసిన విషయమే అనిపిస్తుంది కానీ, ఖాళీ రోడ్డు మీద మలుపు తిరిగినప్పుడు చేతులు వాటంతటవే ఎడమకి వెళ్తాయి. నాకు రెండుసార్లు అలా జరిగింది, ఎదురుగా వచ్చినాయన హారన్ కొట్టాకే తెలిసింది. మొదటి రెండు వారాలు ప్రతి మలుపు దగ్గరా ‘కుడి, కుడి’ అని పైకే అనుకోండి. చట్టం ప్రకారం సైకిల్ కూడా బండే. ఎడమకి తిరగాలంటే కార్లలాగా రోడ్డు మధ్యలోకి రాకూడదు. కుడి అంచునే చౌరస్తా దాటి, అక్కడ ఆగి, మళ్లీ సిగ్నల్ చూసుకుని రెండో భాగం దాటాలి. జీబ్రా గీతల మీద దిగి నడిపించుకుని వెళ్లాలి, పక్కనే సైకిల్ కోసం వేరే గీతలు ఉంటే తప్ప. తొక్కుతూ దాటుతుంటే కారు తగిలిందనుకోండి, మిమ్మల్ని పాదచారిగా కాదు, బండి నడిపిన మనిషిగా చూస్తారు. ఫుట్‌పాత్ మీద తొక్కే వెసులుబాటు పిల్లలకి, పెద్ద వయసు వాళ్లకి, వికలాంగులకి ఉంది. మనలాంటి వాళ్లకి, సైకిల్ బొమ్మ, మనిషి బొమ్మ కలిసి ఉన్న నీలం బోర్డు కనిపించిన చోట మాత్రమే. 2018 సెప్టెంబర్ నుంచి హెల్మెట్ తప్పనిసరి చేశారు. అప్పటి నుంచే తాగి సైకిల్ తొక్కితే జరిమానా కూడా. కంపెనీ విందు అయ్యాక సైకిల్ అక్కడే వదిలేసి రండి. రాత్రికి ముందూ వెనకా లైటు ఉండాలి.

గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకుని బయల్దేరకండి, ఇక్కడ అది దారి సరిగా చూపించదు. నేవర్ మ్యాప్ గానీ కాకావో మ్యాప్ గానీ పెట్టుకోండి. రెండింట్లోనూ సైకిల్ దారులు విడిగా కనిపిస్తాయి.

మొదటి సవారీ ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టండి. టూరిస్టు బస్సులు రాకముందు ఆ గుట్టల మధ్య మంచు విడిపోతుంటే చూడాలి. దేరుంగ్వన్‌లో 23 సమాధులున్నాయి. సైకిల్ లోపలికి తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గర తాళం వేసి నడవండి. గడ్డి దుప్పటి కప్పుకున్న ఆ గుట్టలు చూస్తే నాకు అమరావతి మహాస్తూపాన్ని మన పూర్వులు ‘దీపాలదిన్నె’ అని పిలిచిన సంగతి గుర్తొస్తుంది. లోపల ఏముందో మర్చిపోయిన తరాలు పైన కనిపించే దిన్నెకి పేరు పెట్టుకున్నాయి. ఇక్కడా అంతే. 1973లో ఒక గుట్టని తవ్వితే బంగారు కిరీటం, భూర్జ పత్రం మీద గీసిన తెల్ల గుర్రం బయటపడ్డాయి. ఆ గుర్రం పేరే సమాధికి వచ్చింది, చోన్మాచోంగ్. ఆ ఒక్క సమాధిలోకి మాత్రం వెళ్లి చూడొచ్చు, దానికి టికెట్ ఉంది. గుట్టల మీదికి ఎక్కడం నిషేధం. పిల్లలతో వెళ్తే చేయి పట్టుకోండి, ఆ వాలు చూస్తే జారాలనిపిస్తుంది వాళ్లకి.

బయటికి వచ్చి ఆగ్నేయం వైపు తొక్కితే చోమ్‌సోంగ్దే. ఏడో శతాబ్దంలో సోన్‌దోక్ రాణి కాలంలో నక్షత్రాలు చూడటానికి కట్టిన రాతి బురుజు. ఎత్తు తొమ్మిది మీటర్లే, ఫొటోల్లో చూసి పెద్దది ఊహించుకుని వచ్చినవాళ్లు నిరాశపడతారు. ఒక్క నిమిషం ఆగి చూడండి. పైకి పోతున్నకొద్దీ సన్నబడే ఆ వంపు, మధ్యలో దక్షిణానికి తెరుచుకున్న ఒక్క కిటికీ. పద్నాలుగు వందల ఏళ్లుగా అలాగే నిలబడింది. పక్కనే గ్యేరిమ్ అనే చిన్న అడవి. ఇక్కడ ఒక చెట్టు కొమ్మకి బంగారు పెట్టె వేలాడిందని, దాని కింద తెల్ల కోడి కూసిందని, ఆ పెట్టెలో దొరికిన పసివాడే కిమ్ వంశానికి మూలపురుషుడని కథ. ఆ చెట్ల కింది దారి దాటితే వాగు, వాగు మీద వోల్జోంగ్గ్యో వంతెన. పైన కప్పు, ఎర్రటి స్తంభాలు. ఎనిమిదో శతాబ్దపు వంతెనని ఈమధ్యే మళ్లీ కట్టారు. దాని మీద సైకిల్ నడిపించుకునే వెళ్లండి.

అక్కడి నుంచి మ్యూజియం వైపు తిరగండి. 771లో పోసిన పెద్ద కంచు గంట ఆరుబయటే ఉంటుంది, దాదాపు 19 టన్నులు. రోడ్డుకి అవతల వోల్జి చెరువు. 1975లో ఈ చెరువు అడుగు తవ్వితే వేల వస్తువులు దొరికాయి. అందులో నాకు ఇష్టమైంది పద్నాలుగు ముఖాల చెక్క పాచిక. విందులో పాచిక వేస్తే ఏ ముఖం పడితే అది చేయాలి, ‘మూడు గిన్నెలు ఒక్క గుక్కలో తాగు’ లాంటివి దాని మీద రాసి ఉన్నాయి. చెరువుని మాత్రం రాత్రి చూడాలి, దీపాల వెలుగు నీళ్లలో పడినప్పుడు. అందుకని పొద్దున్న దాటి వెళ్లిపోండి, ఇంకో రోజు చీకటి పడ్డాక రండి.

వోల్జి నుంచి బున్‌హ్వాంగ్సా అనే బౌద్ధాలయం దాకా పది నిమిషాలు తొక్కితే చాలు. మధ్యలో హ్వాంగ్న్యోంగ్సా అనే పాత బౌద్ధాలయం ఉన్న మైదానం. ఉన్న అంటున్నాను కానీ పునాది రాళ్లు తప్ప ఏమీ లేవు. 645లో తొమ్మిది అంతస్తుల చెక్క గోపురం నిలిపారు, 1238లో మంగోలు సైన్యం కాల్చేసింది. ఇప్పుడు ఆ రాళ్ల మధ్య గాలి, పిట్టలు. నేను ఎక్కువసేపు కూర్చునేది ఇక్కడే. సిల్లా నుంచి హ్యేచో అనే బౌద్ధ భిక్షువు ఎనిమిదో శతాబ్దంలో మన దేశం వెళ్లి, 727కల్లా తిరిగి చైనా చేరాడు. దక్షిణ దేశపు కొండల్లో నాగార్జునుడు యక్షులతో కట్టించిన పెద్ద విహారం ఉందని ఆయన రాశాడు. అది మన కృష్ణ ఒడ్డున ఉన్నదేనని ఎవరూ గట్టిగా చెప్పలేరు. అయినా ఈ రాళ్ల మీద కూర్చుని ఆ మాట తలుచుకుంటే, ఇంత దూరం వచ్చిన మొదటి వాళ్లం మనం కాదని ధైర్యంగా ఉంటుంది.

మొదటి రోజుకి ఇంత చాలు. మొత్తం ఎనిమిది కిలోమీటర్లు అటూ ఇటూ.

రెండో వారం బోమున్ చెరువుకి వెళ్లండి. ఊళ్లో నుంచి బుక్‌చోన్ వాగు వెంట దారి ఉంది. కొంచెం ఎత్తుకి ఎక్కుతుంది కానీ కాళ్లు నొప్పి పుట్టేంత కాదు, వచ్చేటప్పుడు హాయిగా దిగుతుంది. చెరువు చుట్టూ ఆరేడు కిలోమీటర్ల బాట. ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలు విచ్చినప్పుడు కార్లు గంటలకొద్దీ కదలవు, సైకిల్ ఉన్నవాళ్లదే రాజ్యం. అప్పుడు నడిచేవాళ్లు కూడా చాలామంది ఉంటారు. గంట కొట్టే బదులు ‘జినాగల్కెయో’ అనండి, ‘పక్కనుంచి వెళ్తున్నాను’ అని. జరిగి దారి ఇచ్చి తల ఊపుతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి దక్షిణానికి, నామ్సాన్ కొండ పక్కగా వెళ్లేది. ఐదు సమాధుల తోట దాటాక పొలాలు మొదలవుతాయి. మాది తణుకు దగ్గర పల్లె. జూన్‌లో ఇక్కడ నీళ్లు నిండిన మళ్లలో నాట్లు పడి, కొంగలు దిగి ఉంటే, ఆ తడి మట్టి వాసనకి సైకిల్ దానంతటదే నెమ్మదిస్తుంది. ఇంకాస్త ముందుకి పోసోక్‌జోంగ్, మెలికలు తిరిగిన రాతి కాలువ. నీళ్ల మీద గిన్నెలు తేలుస్తూ కవిత్వం చెప్పుకునేవారట. 927లో శత్రువులు రాజు మీద పడింది కూడా ఇక్కడేనంటారు. ఆ తర్వాత సామ్నుంగ్ అనే మూడు రాజ సమాధుల దగ్గర వంకర్లు తిరిగిన పైన్ చెట్లు. అక్కడ సైకిల్‌కి తాళం వేయాలి. నామ్సాన్ 1968 నుంచి నేషనల్ పార్క్‌లో భాగం, కాలిబాటల్లో సైకిల్ కుదరదు. కాస్త ఎక్కితే చాలు, బండల మీద చెక్కిన బుద్ధుళ్లు ఒక్కొక్కరే ఎదురవుతారు.

బుల్గుక్సా బౌద్ధాలయానికి మాత్రం సైకిల్ మీద వెళ్లమని కొత్తవాళ్లకి చెప్పను. పదిహేను కిలోమీటర్ల పైమాటే, చివర్లో ఎత్తు, పక్కనే వేగంగా పోయే లారీలు. 10, 11 నంబరు బస్సులు వెళ్తాయి, శుభ్రంగా కూర్చుని వెళ్లండి.

తిండి సంగతి కూడా చూసుకుని బయల్దేరాలి. మాంసం తినని వాళ్లు బిబింబాప్ (కూరగాయలు కలుపుకుని తినే అన్నం) అడిగి ‘గోగీ పేగో జుసెయో’ అనండి, మాంసం తీసేసి ఇవ్వమని. కిమ్చిలో సాధారణంగా చేపల సాస్ కలుస్తుందని గుర్తుంచుకోండి. హ్వాంగ్నామ్ రొట్టెలు 1939 నుంచి ఈ ఊళ్లో చేస్తున్నారు. లోపల ఎర్ర చిక్కుడు ముద్ద, మన బూరెలో పూర్ణంలా నిండుగా. పిండిలో గుడ్డు పడుతుంది. వేడివేడిగా ఉన్నప్పుడు రెండు కొనుక్కుని సమాధుల పక్క బెంచీ మీద తినండి. టాయిలెట్లకి ఇబ్బంది లేదు, ఎక్కడికక్కడ శుభ్రంగా, ఉచితంగా ఉంటాయి.

వాతావరణం. మార్చి నుంచి మే దాకా దుమ్ము రోజులు వస్తాయి, ఫోన్‌లో గాలి నాణ్యత ఎర్రగా చూపిస్తే ఆ పూట మానేయండి. జూన్ చివరి నుంచి జూలై చివరి దాకా ముసురు, దాన్ని ‘జాంగ్మా’ అంటారు. తర్వాత తుఫానులు. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన తుఫాను ఈ ప్రాంతాన్ని బాగా దెబ్బతీసింది. వాగు పక్క బాటలు గట్టు కింద ఉంటాయి కాబట్టి వాన పెద్దదైతే నీళ్లు ముందు వాటి మీదికే వస్తాయి. బాటకి అడ్డంగా తాడు కట్టి ఉంటే దాటి పోవద్దు. ఫోన్ గట్టిగా మోగి కొరియన్‌లో హెచ్చరిక వస్తే పాపాగో అనే అనువాద యాప్‌లో పెట్టి వెంటనే చదవండి. అంబులెన్స్‌కి 119, పోలీసుకి 112, దారి తెలియక ఇంగ్లీష్‌లో సాయం కావాలంటే 1330.

టైరు పంక్చరైతే షాపులో ‘పోంఖు నాస్సోయో’ అనండి. అది మన పంక్చర్ మాటే. నేను మొదటిసారి చక్రం చూపిస్తూ తెలుగు యాసలో ‘పంక్చర్’ అన్నాను, ఆ షాపు పెద్దాయన వెంటనే ‘ఓ, పోంఖు!’ అని సైకిల్ తిరగేసి పని మొదలుపెట్టాడు. ఈ ఊళ్లో నేను ఎవరి సాయమూ లేకుండా పూర్తి చేసుకున్న మొదటి సంభాషణ అదే.