ట్రాక్టర్ ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయట్లేదా? విప్పే ముందు ఎర్ర లైటు చూడండి

దమ్ము పనులు మొదలైతే చాలు, ఒకే రకం ఫిర్యాదు. "రాత్రి లైట్లు వేసి దున్నాం, పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుటక్కుమంటోంది కానీ ఇంజన్ తిరగట్లేదండీ." అప్పటికే ఆ రైతు కొత్త బ్యాటరీ కొనేసి ఉంటాడు. కొందరైతే ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో) విప్పించి, కార్బన్లు (లోపల తిరిగే చుట్టకి కరెంటు అందించే ముక్కలు) మార్పించి, షాపులో టెస్ట్ బెంచ్ మీద చెక్ చేయించి, మళ్లీ బిగించుకుని కూడా వస్తారు. ఇంత ఖర్చు పెట్టినవాళ్లలో కీ తిప్పి ఎర్ర లైటు వెలుగుతోందో లేదో చూసినవాళ్లు చాలా తక్కువ. పైసా ఖర్చు లేని పని అది. అందరూ దాటేసేది కూడా అదే.

మీటర్ బోర్డులో బ్యాటరీ బొమ్మతో ఉండే చిన్న లైటు గురించే చెబుతున్నాను. కీ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకముందు అది వెలగాలి. ఇంజన్ అందుకున్నాక ఆరిపోవాలి. ఈ రెండూ చూశాకే పానా పట్టుకోండి.

అసలు ఛార్జింగ్ లేదా, బ్యాటరీయే పోయిందా?

మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీ మీద పెట్టి నేరుగా బ్యాటరీ టెర్మినళ్ల మీద కొలవండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే తక్కువ చూపిస్తే అది ఖాళీ, ముందు బయట ఛార్జింగ్ పెట్టించండి. చచ్చిన బ్యాటరీతో ఆల్టర్నేటర్ మీద తీర్పు చెప్పలేం.

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ కొంచెం పెంచండి. 13.8 నుంచి 14.4 మధ్యకి వచ్చి, లైట్లు వేసినా పెద్దగా పడిపోకపోతే ఆల్టర్నేటర్ జోలికి వెళ్లొద్దు. బ్యాటరీ పాతబడిందా, బండి ఆగి ఉన్నప్పుడు ఏదైనా కరెంటు తాగేస్తోందా చూసుకోండి. ఇంజన్ నడుస్తున్నా 12.3, 12.1 అంటూ దిగుతూ పోతుంటే మాత్రం ఛార్జింగ్ లేదు.

బెల్ట్, టెర్మినళ్లు, ఎర్త్

ఇవి మీకు తెలిసినవే, కానీ నిజంగా చేయి పెట్టి చూడండి. బెల్ట్‌ని మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. లోపలి అంచులు అద్దంలా నున్నగా మెరుస్తుంటే ఎంత బిగించినా జారుతుంది, మార్చేయడమే. అతిగా బిగించి నడిపిస్తే ఆల్టర్నేటర్ బేరింగ్, వాటర్ పంపు బేరింగ్ రెండూ పోతాయి.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే వేడినీళ్లతో కడిగి, విప్పి, లోపలివైపు గరుకు కాగితంతో రుద్ది బిగించండి. పైపైన గుడ్డతో తుడిస్తే లాభం లేదు.

ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి) సంగతి, ముఖ్యంగా పెయింట్ వేయించిన బండ్లకి. ఆల్టర్నేటర్ బ్రాకెట్ కిందా, ఎర్త్ పట్టీ బోల్టు కిందా పెయింట్ పొర ఉండిపోతుంది. ఇంజన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా మీటర్ ఒక కొన ఆల్టర్నేటర్ బాడీకి, రెండో కొన బ్యాటరీ మైనస్‌కి ఆనించండి. 0.2 వోల్టు దాటితే అక్కడ గీకి శుభ్రం చేయాలి.

కీ ఆన్ చేసినా ఎర్ర లైటు వెలగట్లేదు

అందర్నీ మోసం చేసేది ఇదే. "లైటు రావట్లేదంటే ఛార్జింగ్ బాగున్నట్టేగా?" అంటారు. కాదండీ. ఆ బల్బు హెచ్చరిక కోసం మాత్రమే లేదు, ఆల్టర్నేటర్‌ని లేపేదే అది.

ఆల్టర్నేటర్‌లో శాశ్వత అయస్కాంతం ఉండదు. రోటర్ (లోపల తిరిగే భాగం) చుట్టలోకి కాస్త కరెంటు వెళ్తేనే అది అయస్కాంతమవుతుంది, అప్పుడే తిరిగినప్పుడు కరెంటు పుడుతుంది. ఆ మొదటి కరెంటు బ్యాటరీ నుంచి కీ స్విచ్‌కి, అక్కడి నుంచి ఎర్ర బల్బులోకి, బల్బు దాటి సన్న వైరు మీదుగా ఆల్టర్నేటర్ వెనక డి ప్లస్ లేదా ఎల్ అని ఉన్న పిన్నుకి చేరుతుంది. బోరింగులో ముందు చెంబుడు నీళ్లు పోస్తేగానీ నీళ్లెత్తుకోనట్టే ఇదీ. బల్బు మాడినా, సన్న వైరు తెగినా ఆ చెంబుడు నీళ్లు పడవు.

ఇంతవరకే అయితే సులువుగా దొరికిపోయేది. చిక్కెక్కడంటే, రోటర్ ఇనుములో పాత అయస్కాంతత్వం కొంచెం మిగిలి ఉంటుంది. చాలా ఆల్టర్నేటర్లు యాక్సిలరేటర్ గట్టిగా ఇస్తే ఆ కొంచెంతోనే లేస్తాయి. ఒకసారి లేచాక ఇంజన్ ఆపేదాకా మామూలుగానే ఛార్జ్ చేస్తాయి. అందుకే పొద్దున్నే ఒకసారి బండిని గట్టిగా రేజ్ చేసిన రోజు అంతా బాగుంటుంది. మెల్లగా తీసుకెళ్లి చేలో దించిన రోజు సాయంత్రం దాకా ఛార్జింగే ఉండదు. షెడ్డులో ఎలక్ట్రీషియన్ రేజ్ చేసి చూస్తే మీటర్ 14 చూపిస్తుంది. బెంచ్ మీద పెడితే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అక్కడ లేపే కరెంటు బెంచ్‌దే, మీ బండిలోని బల్బు, వైరుతో పనే లేదు. కొత్త బ్యాటరీ వేస్తే కొన్నాళ్లు సెల్ఫ్ బాగా అందుకుంటుంది కాబట్టి సమస్య తీరిపోయిందనుకుంటారు. "ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు" అని ఎవరైనా అంటే ముందు ఈ బల్బునే అనుమానించండి.

చూసే పద్ధతి ఇది. ఇంజన్ ఆపి, ఆల్టర్నేటర్ వెనక డి ప్లస్ లేదా ఎల్ పిన్ను నుంచి సన్న వైరు ఒక్కటే ఊడదీయండి. లావు వైరు ముట్టుకోవద్దు, అది నేరుగా బ్యాటరీ ప్లస్. ఊడదీసిన వైరుకి కీ ఆఫ్‌లో మీటర్ పెట్టండి. కీ ఆఫ్‌లోనే 12 వోల్టులు చూపిస్తే అది వేరే వైరు, దాన్ని ఎర్త్‌కి తగిలించవద్దు. ఆఫ్‌లో ఏమీ లేకుండా ఆన్ చేయగానే 12 వస్తే అదే మనక్కావాల్సింది. ఇప్పుడు కీ ఆన్‌లో ఉంచి ఆ కొనని ఇంజన్ బాడీకి ఆనించండి. ఎర్ర లైటు నిండుగా వెలిగితే బల్బు, వైరు బాగున్నాయి, తప్పు ఆల్టర్నేటర్ లోపలే. ఆన్‌లో 12 రాకపోయినా, ఆనిస్తే వెలగకపోయినా ఫ్యూజు, బల్బు, హోల్డరు, వైరు ఈ నాలుగింటిలో ఒకటి.

మీటర్ 12 చూపించిందని వైరు బాగున్నట్టు కాదు. ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 చూపిస్తుంది, లోడ్ పడితేనే బయటపడుతుంది. దమ్ములో తిరిగిన బండికి పిన్ను దగ్గర ఈ వైరుని వేళ్లతో వంచి చూడండి. పైన తొడుగు చక్కగానే ఉంటుంది, లోపల రాగి పచ్చగా నల్లగా మారి, ఒలిస్తే పొడిలా రాలుతుంది. మంచి రాగి కనపడేదాకా కత్తిరించి కొత్త పిన్ను వేయాలి. వడ్ల బస్తాల పక్కన నిలిపిన బండికైతే మీటర్ బోర్డు వెనక ఎలుకలు కొరికాయేమో టార్చి వేసి చూడండి.

బల్బు మార్చేటప్పుడు ఫిలమెంట్ బల్బే వేయండి, పాతది ఎన్ని వాట్లో అన్నే. మామూలుగా 12 వోల్టుల 2 లేదా 3 వాట్లది ఉంటుంది. అందంగా ఉంటుందని మీటర్ బోర్డంతా ఎల్ఈడీలు వేయిస్తున్నారు. 3 వాట్ల బల్బు గుండా దాదాపు పావు ఆంపియరు వెళ్తుంది. చిన్న ఎల్ఈడీలోంచి అందులో పదో వంతు కూడా పోదు. లైటు వెలుగుతుంది, ఆల్టర్నేటర్ మాత్రం లేవదు.

బాగుచేశాక కీ ఆన్ చేసి, ఇంజన్ ఆపి ఉండగానే, స్క్రూడ్రైవర్ మొనని ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గరికి తీసుకెళ్లండి. కాస్త పట్టి లాగినట్టు తెలుస్తుంది. కీ ఆఫ్ చేస్తే ఆ పట్టు సడలిపోతుంది. అలా లాగిందంటే రోటర్‌కి కరెంటు అందుతోంది.

ఇంజన్ నడుస్తున్నా లైటు ఆరట్లేదు

బెల్ట్ బాగుండీ లైటు నిండుగా వెలుగుతూనే ఉంటే కార్బన్లు, రెగ్యులేటర్ (వోల్టేజిని అదుపులో ఉంచేది) చూడాలి. బురద వెళ్లి కార్బన్ హోల్డర్లో ఇరుక్కుంటుంది, శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా సన్న వైరు ఊడదీసినా లైటు ఆరకపోతే ఆ వైరు దారిలో ఎక్కడో బాడీకి తగులుతోంది. లైటు మసకగా, సగం సగం వెలుగుతుంటే డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే ముక్క) పోయి ఉండొచ్చు, అది షాపు పని. రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతూ, పొద్దున ఆగి ఉన్న ఆల్టర్నేటర్ గోరువెచ్చగా తగిలితే అదీ డయోడే. మీటర్ 15 దాటి బ్యాటరీలో నీళ్లు మరుగుతుంటే రెగ్యులేటర్ మార్చండి, బ్యాటరీని నిందించొద్దు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "ఆగలేదు కాబట్టి డైనమో బాగుంది" అనే పరీక్ష దయచేసి చేయొద్దు. మామూలు మెకానికల్ డీజిల్ పంపు ఉన్న ఇంజన్ కరెంటు లేకపోయినా నడుస్తుంది, కాబట్టి అందులో తెలిసేదేమీ లేదు. టెర్మినల్ పీకిన క్షణంలో వోల్టేజి ఎగిరి మంచి రెగ్యులేటర్, డయోడ్లు మాడిపోవచ్చు. బండికి వెల్డింగ్ చేయించేటప్పుడు మాత్రం ఇంజన్ ఆపి, రెండు టెర్మినళ్లూ విప్పాకే రాడ్డు ముట్టించమనండి.