బ్యాండులో ఉంటూనే సోలో ఆల్బం చేయాలంటే: అనంతపురం గిటారిస్టులకు

గిటార్ ముట్టుకోకముందే బ్యాండ్ వాళ్లకు చెప్పేయండి. నేను చెప్పలేదు. సప్తగిరి సర్కిల్ దగ్గర ఎవరో మా డ్రమ్మర్‌ను ఆపి "మీవాడు సొంతంగా ఆల్బం చేస్తున్నాడంట కదా" అని అడిగారు, ఆ సాయంత్రమే నాకు ఫోన్, "ఏమప్పా, ఒక్క మాటైనా చెప్పకపోతివే" అని. తర్వాత నెలన్నర రిహార్సల్ లేదు. అమెరికా రాక్ బ్యాండ్ కిస్‌లో నలుగురూ 1978 సెప్టెంబర్ 18న, ఒకే రోజు, తలా ఒక సోలో ఆల్బం విడుదల చేశారు, నాలుగింటి మీదా బ్యాండ్ పేరే ఉంది. అంత ఘనంగా మనకు కుదరదు గానీ ముందే మాట్లాడుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అప్పుడే ఏ ట్యూన్ ఎవరిదో కూడా తేల్చుకోండి. రిఫ్ (పాటలో పదేపదే వచ్చే చిన్న గిటార్ ముక్క) మీదే కావచ్చు, కానీ బేసిస్టు దాని కింద వాయించిన లైన్‌తోనే అది పాటగా మారి ఉంటే? విడదీయలేనట్టుగా ఇద్దరు కలిసి కట్టిన ట్యూన్ 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఇద్దరిదీ అవుతుంది. అనుమానం ఉన్నవి బ్యాండుకే వదిలేయండి. అర్ధరాత్రి ఫోన్లో రికార్డ్ చేసి మరిచిపోయిన ముక్కలు, "ఇది మన టైపు కాదులే" అని వాళ్లు పక్కన పెట్టినవి ఉంటాయి కదా, వాటిలోంచి ఏరుకోండి. ఎనిమిది పాటలు చాలు.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్, మైకు సౌండును ల్యాప్‌టాప్‌లోకి పంపే పెట్టె), ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్, రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ (60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు). గిటార్ కేబుల్ పెట్టాక ఇంటర్‌ఫేస్ మీద 'ఇన్‌స్ట్' అని ఉండే బటన్ నొక్కడం మరిచిపోతే సౌండు పల్చగా, ప్రాణం లేకుండా వస్తుంది. నేను రెండు పాటలు అలాగే రికార్డ్ చేసి పాపం గిటార్‌ను తిట్టుకున్నా. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. గట్టిగా వాయించినా మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి, ఎర్ర లైటు వెలిగిన టేక్‌ను తర్వాత బాగుచేయలేం. ఎఫెక్టులేమీ లేని ఉత్త గిటార్ సౌండు ఒక ట్రాకులో ఉంచుకుంటే ఆంప్ టోన్ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

మన ఊళ్లో అసలు గొడవ కరెంటుతో, గాలితో. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే, ముఖ్యంగా పాత స్క్వేర్‌వేవ్ రకమైతే, సింగిల్ కాయిల్ పికప్‌లలో (గిటార్ తీగల కదలికను పట్టే, ఒకే వైరు చుట్ట ఉన్న రకం) గుయ్‌మని హమ్ మొదలవుతుంది. గిటార్ పట్టుకుని కుర్చీలోనే మెల్లగా తిరగండి, ఏదో ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది, అటే తిరిగి కూర్చుని వాయించండి, గోడకు ఎదురుగా అయినా సరే. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేస్తే ఇంకొంచెం నయం. ఆషాఢం గాలి కిటికీ సందుల్లోంచి ఈల వేస్తూనే ఉంటుంది, కేబుల్‌తో తీసే గిటార్‌కు ఏమీ కాదు గానీ పాడేవాళ్ల మైకులో దూరుతుంది. అందుకే గొంతులన్నీ నేను ఎండాకాలం తెల్లవారుజామునే తీశాను, ఫ్యాన్ ఆపి, బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచి దాని ముందు పాడేవాళ్లను నిలబెట్టి. ఆ వేడికి తీగలు శ్రుతి దిగుతాయి కాబట్టి ప్రతి టేక్‌కూ ట్యూనర్ చూసుకోవాల్సిందే. కొత్త తీగలు ఒక రోజు ముందే వేసి బాగా లాగి పెట్టండి.

రిథమ్ గిటార్ లావుగా రావాలంటే ఒకే టేక్‌ను కాపీ కొట్టకండి, రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తోయండి. అక్కడితో ఆగండి. ఒంటరిగా పనిచేసే గిటారిస్టుకు వచ్చే జబ్బు ఇదే, ఖాళీ కనిపిస్తే చాలు ఇంకో గిటార్ కూరేస్తాం. బ్యాండులో అయితే "చాలప్పా, ఇంక ఆపు" అనేవాడు ఒకడుంటాడు కదా, రఫ్ మిక్స్ వాడికే పంపండి. నేను మా బేసిస్టుకు పంపితే మూడు సోలోలు సగానికి తెగాయి.

డ్రమ్స్ ల్యాప్‌టాప్‌లోనే కట్టుకోవచ్చు. నిజం డ్రమ్సే కావాలంటే క్లిక్‌తో (తాళం చెప్పే టిక్ టిక్ శబ్దం) గైడ్ ట్రాకులన్నీ (డ్రమ్మర్ విని వాయించేందుకు) సిద్ధం చేసుకుని బెంగళూరులో ఒక రోజు స్టూడియో తీసుకోండి. వాయించేవాళ్లకు పాటకింత అని డబ్బు ముందే మాట్లాడండి. ఫ్రెండే కదా అని ఉగ్గాని బజ్జీతో సరిపెడితే రెండోసారి ఫోన్ ఎత్తడు.

మిక్సింగ్‌లో గిటార్లకు 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, బేస్‌కు చోటు దొరుకుతుంది. కారులో వినండి, చవక ఇయర్‌ఫోన్లలో కూడా వినండి.

విడుదలకు మూడు నాలుగు వారాల ముందే పాటలు అప్‌లోడ్ చేయండి. స్పాటిఫై ప్లేలిస్టుల వాళ్లకు పంపాలంటే కనీసం ఏడు రోజుల ముందు అక్కడ ఉండాలి. ఆర్టిస్ట్ ప్రొఫైల్ మీ పేరుతో వేరుగా తెరవండి, బ్యాండ్ ప్రొఫైల్‌లోకి తోయకండి. తేదీ బ్యాండ్ షోకు దగ్గరలో పెట్టకండి. వాయించినవాళ్ల పేర్లన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి, మా డ్రమ్మర్ ఒక పాటలో సరదాగా కంజిర వాయిస్తే పేరు వేయడం మరిచిపోయాను. మళ్లీ "ఏమప్పా" అని ఫోన్.